పాత డీజిల్ ఇంజిన్ దెబ్బతింటే: జబ్బు కనిపెట్టడం నుంచి మళ్లీ రోడ్డెక్కించేదాకా

ఎండాకాలంలో ఘాట్ ఎక్కుతూ బండి ఆగిపోతే షెడ్డులో మొదట వినబడే మాట, "గ్యాస్కెట్ పోయింటాదన్నా, హెడ్డు దింపుదాం." హెడ్డుకూ బ్లాకుకూ మధ్య బిగించే ఆ పలుచని గ్యాస్కెట్ నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ అది దానంతటదే పోదు. దాన్ని కాల్చిన వేడి ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చకుండా కొత్తది వేస్తే అదీ అదే దారి పడుతుంది, ఈసారి హెడ్డును కూడా వెంట తీసుకెళ్తుంది. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇంకా తిరుగుతున్న పాత సుమోలు, ఇండికాలు, జీపులు, అంబాసిడర్లు చాలావరకు మూడు కారణాలతోనే మూలపడుతున్నాయి: రేడియేటర్‌లో పోసిన బోరు నీళ్లు, గాలి దారిలో దూరిన దుమ్ము, వేళకు మార్చని ఆయిల్. కారణం చేతికి చిక్కేదాకా ఒక్క రూపాయి సామాను కూడా కొనొద్దని నా గట్టి మాట. కింద చెప్పే పద్ధతంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

ఇది డీజిల్‌ను మెకానికల్ పంపు కొట్టే ఇంజిన్ల సంగతి. 1994లో వచ్చిన టాటా సుమోలో ఉన్నది 483, అంటే నాలుగు సిలిండర్లు, 83 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 1948 సీసీ. 1998 చివర్లో వచ్చిన ఇండికా డీజిల్‌లో 475, అంటే నాలుగు సిలిండర్లు, 75 మి.మీ. బోరు, 1405 సీసీ. రెండూ ఐడీఐ (ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్) రకం. డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడకుండా హెడ్డులోని చిన్న గదిలో అంటుకుని, మంట అక్కడి నుంచి కిందికి దిగుతుంది. కామన్ రెయిల్ (కంప్యూటరు అదుపులో డీజిల్ కొట్టే కొత్త రకం) బండి అయితే లోపలి ఇనుము పనికి సంబంధించిన మాటలు వర్తిస్తాయి గానీ పంపు, డీజిల్ చిమ్మే నాజిళ్ల మాటలు వర్తించవు.

నేనిచ్చే అంకెలు ఈ తరం ఇంజిన్లకు మామూలుగా సరిపోయేవి. మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. మాన్యువల్ ప్రతి ఒకటి సంపాదించకుండా పని మొదలుపెట్టొద్దు. టార్క్ అంకెలు, అంటే ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో చెప్పేవి, ఊహించి బిగించేవి కావు.

తాళం తిప్పకముందు

బండి తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి అడగండి. ఆగిపోయే ముందు వేడి ముల్లు ఎక్కడుంది? ఆయిల్ లైటు వెలిగిందా? శబ్దం ఒక్కసారిగా వచ్చిందా, కొన్నాళ్లుగా పెరుగుతూ వచ్చిందా? ఎంత దూరానికి ఎన్ని నీళ్లు పోస్తున్నారు, ఎంత ఆయిల్ తాగుతోంది? చివరిసారి ఎవరు విప్పారు, ఏం మార్చారు? వేడెక్కి ఆగినప్పుడు దాని మీద చల్లనీళ్లు పోశారా? ఈ చివరి ప్రశ్నకు "అవును" అన్నారంటే హెడ్డు పగిలిందనే అనుమానంతోనే ముందుకు పోవాలి.

తర్వాత ఆయిల్ పుల్ల బయటికి లాగి చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. మట్టం ఉండాల్సినదానికంటే పైకి ఉండి, వేళ్ల మధ్య రాస్తే పలుచగా జారుతూ డీజిల్ వాసన కొడితే నాజిల్ కారుతోంది, లేదా పంపు సీలు పోయింది. రేడియేటర్ మూత (ఇంజిన్ పూర్తిగా చల్లారాకే) తీసి చూడండి. నీళ్ల మీద నూనె తెట్టు కడితే గ్యాస్కెట్ గానీ ఆయిల్ కూలర్ గానీ చూడాలి. మూత అడుగున, గొట్టం నోటి దగ్గర తెల్లగా గార కట్టి ఉంటే సగం కథ అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి, గేరు న్యూట్రల్లో పెట్టి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడా తగలకుండా, ఒక్కో కంప్రెషన్ దగ్గర బరువెక్కి వదులుతూ తిరగాలి. రాయికి కొట్టినట్టు టక్కున ఆగితే బలవంతం చేయొద్దు. సిలిండర్లో నీళ్లుండొచ్చు, టైమింగ్ బెల్టు తెగి వాల్వు పిస్టన్‌కు తగులుతూ ఉండొచ్చు. చల్లటి ఇంజిన్ అంటుకోవడానికి వేడినిచ్చే హీటర్ ప్లగ్గులన్నీ, వీలైతే నాజిళ్లు కూడా విప్పేసి మళ్లీ తిప్పండి. నీళ్లుంటే ఆ రంధ్రాల్లోంచి చిమ్ముతాయి. ముఖం అడ్డం పెట్టొద్దు.

వరదలో మునిగిన బండికి ఈ పద్ధతి తప్పనిసరి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊరిని ముంచినప్పుడు గానీ, 2022 అక్టోబరులో అనంతపురం కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు గానీ, మునిగిన ఇంజిన్‌కు మునగడం వల్ల జరిగే నష్టం కంటే "ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం" అనడం వల్ల జరిగే నష్టం ఎక్కువ. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి వచ్చి నీళ్లకు కొట్టుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో కూడా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, కొంతకాలం నడుస్తుంది, తర్వాత బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది.

ఏళ్ల తరబడి నిలబడి బిగుసుకుపోయిన ఇంజిన్‌కు వేరే ఓపిక కావాలి. ఒక్కో సిలిండర్లో కాస్త డీజిల్, కాస్త ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు) నూనె కలిపి పోసి రెండు మూడు రోజులు నాననివ్వండి. పొడుగు చేతి సాకెట్‌తో ముందుకు కొద్దిగా, వెనక్కి కొద్దిగా ఆడించండి. వెనక మనుషులను పెట్టి తోయించడం, ట్రాక్టరుకు కట్టి లాగించడం చేస్తే తుప్పుకు అతుక్కున్న రింగులు ముక్కలవుతాయి, బోరు గీరుకుపోతుంది. కదిలాక కూడా స్టార్ట్ చేయకుండా ఆ ద్రవం మొత్తం బయటికి పంపి, ఆయిల్ మార్చాకే ముందుకు పోవాలి.

నడిచే స్థితిలో ఉంటే

స్టార్ట్ అయ్యే ఇంజిన్ తన జబ్బు తానే చెబుతుంది. పొగ చూడండి. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ, లేదా గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ రెండు రకాలు. కళ్లు మండించేది, డీజిల్ వాసన కొట్టేది అయితే ఇంధనం అంటుకోకుండా పోతోంది, అంటే కంప్రెషన్ లేదు, లేదా హీటర్ ప్లగ్గులు పోయాయి, లేదా పంపు టైమింగ్ తప్పింది. మండకుండా ఆవిరిలా దట్టంగా వచ్చి, ఇంజిన్ వేడెక్కాక కూడా తగ్గకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయి.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి నోటి మీద వదులుగా పెట్టండి. కొద్దిగా అదరడం మామూలే. ఎగిరి పడిపోతే, పొగ గొట్టంలా ఉఫ్‌మని కొడితే రింగుల పక్కనుంచి గాలి కిందికి దిగుతోంది. శబ్దం విషయానికొస్తే, ఒక్కో నాజిల్ పైపు నట్టును గుడ్డ అడ్డం పెట్టి కొద్దిగా వదులు చేసి ఆ సిలిండర్‌కు డీజిల్ ఆపండి. అప్పుడు కొట్టుడు తగ్గితే ఆ సిలిండర్లోనే బిగ్ ఎండ్ బేరింగో, పిస్టన్ పిన్నో, కారుతున్న నాజిలో ఉంది. శబ్దంలోనూ, ఇంజిన్ నడకలోనూ ఏమీ మారకపోతే ఆ సిలిండర్ ముందునుంచే పని చేయడం లేదు.

డాష్‌బోర్డులో ఆయిల్ లైటు ఆరిందని నమ్మొద్దు. బాగా తక్కువ ప్రెషర్ దగ్గరే అది ఆరిపోతుంది. సెన్సర్ విప్పి అదే మరలో మీటరు బిగించి చూడండి. బాగా వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగ్‌లో సుమారు 1 బార్, రేజ్ చేస్తే 3 బార్ దాటాలి. అంతకు బాగా తగ్గితే బేరింగులు అరిగాయి, ఆయిల్ పంపు అరిగింది, లేదా పంపు జల్లెడ మూసుకుపోయింది.

కంప్రెషన్, లీకేజీ

పెట్రోలు బండికి వాడే కంప్రెషన్ మీటరు డీజిల్‌కు పెడితే పగులుతుంది. కనీసం 40 బార్ చూపే డీజిల్ మీటరు కావాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. సెల్ఫ్ నీరసంగా తిప్పితే అంకెలన్నీ అబద్ధాలే. డీజిల్ ఆపే పంపు స్టాప్ సోలినాయిడ్ వైరు తీసేసి, అన్ని హీటర్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో మీటరు పెట్టి ముల్లు ఇక పెరగనంతవరకు కొట్టండి. ఆరోగ్యంగా ఉన్న ఐడీఐ ఇంజిన్ 25 నుంచి 30 బార్ చూపిస్తుంది. 20కి దిగువన ఉంటే పొద్దున్నే స్టార్ట్ కావడానికి ఏడిపిస్తుంది. సిలిండర్ల మధ్య తేడా 3–4 బార్ దాటకూడదు. పక్కపక్క రెండు సిలిండర్లు ఒకేలా పడిపోయి మిగతావి బాగుంటే వాటి మధ్య గ్యాస్కెట్ కాలింది.

తక్కువ చూపిన సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడడం పాత పద్ధతి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైన జాగా చాలా తక్కువ కాబట్టి చెంచాకు మించి పోయొద్దు.

దీనికంటే నమ్మకమైనది గాలి పరీక్ష. పిస్టన్‌ను పై కొసకు తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్నాయని చూసి, హీటర్ ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెసర్ గాలి పంపండి. చెవి పెట్టి వినండి. ఆయిల్ మూత దగ్గర గాలి వస్తే రింగులు. సైలెన్సర్ దగ్గర వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ ఫిల్టర్ గొట్టంలో వస్తే ఇన్‌లెట్ వాల్వు. రేడియేటర్లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా హెడ్డు పగులు. ఒక పూట పట్టే ఈ పరీక్ష, అక్కర్లేకుండా ఇంజిన్ దింపించే పనిని తప్పిస్తుంది. దీన్ని ఏ షెడ్డూ సరదాగా చేయదు, మీరే అడిగి చేయించాలి.

హెడ్డు ఒక్కటా, కింది భాగం కూడానా?

ఆయిల్ ప్రెషర్ బాగుండి, రింగులు పట్టు మీద ఉంటే హెడ్డు పనితో సరిపెట్టండి. ప్రెషర్ పడిపోయినా, ఆయిల్లో లోహపు పొడి కనిపించినా కింది భాగం కూడా విప్పాల్సిందే. అలాంటి ఇంజిన్‌కు పైన కొత్త హెడ్డు పని చేయిస్తే కంప్రెషన్ పెరిగి, అరిగిన కింది బేరింగులు ఇంకా తొందరగా పోతాయి. "ఇప్పటికి పైన చేద్దాం, కింద తర్వాత చూద్దాం" అన్న సలహా అన్నిటికంటే ఖరీదైనది.

వాడేసిన ఇంజిన్ కొని మార్చేద్దామనుకునేవాళ్లు రెండు సంగతులు చూసుకోవాలి. ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. వేరే నంబరు ఉన్న బ్లాకు వేస్తే ఆర్టీఓ దగ్గర నమోదు చేయించాలి, దానికి బిల్లు ఉండాలి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఆర్సీ రెన్యువల్ చేయించేటప్పుడు ఈ నంబరు తేడా బయటపడి బండి ఆగిపోతుంది. రెండోది, ఆ ఇంజిన్‌కు కూడా పైన చెప్పిన పరీక్షలన్నీ చేశాకే డబ్బులివ్వాలి.

దింపడం, విప్పడం

ఇంజిన్ దింపే ముందు బయటంతా కడగండి. ఎర్ర దుమ్ము, గ్రీజు కలిసి పట్టిన పెళ్లలు విప్పేటప్పుడు లోపల పడతాయి. బ్యాటరీ విప్పాలి. డీజిల్ పైపుల కొసలు, పంపు నోళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ మూతలతో మూసేయాలి, గుడ్డ కుక్కొద్దు. ప్రతి వైరుకూ, గొట్టానికీ విప్పకముందే ఫోన్‌లో ఫోటో తీయండి. చైన్ బ్లాక్ కట్టే దూలం ఇంజిన్ బరువు మోస్తుందని తేలాకే ఎత్తండి. వేలాడే ఇంజిన్ కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టకండి.

విప్పేటప్పుడు వరసే ప్రాణం. మెయిన్ క్యాపులకు, రాడ్ క్యాపులకు కర్మాగారం నంబర్లు లేకపోతే పంచితో చుక్కలు కొట్టండి. ఒకదాని క్యాపు ఇంకోదానికి వేయకూడదు, తిప్పి వేయకూడదు. వాల్వులు, పుష్ రాడ్లు, ట్యాపెట్లు అట్టపెట్టెకు రంధ్రాలు చేసి ఏ చోటిది ఆ చోట గుచ్చండి. హెడ్డు బోల్టులు బయటి కొసల నుంచి మధ్యకు, కొద్దికొద్దిగా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వదులు చేయాలి. పిస్టన్లు పైకి తోసేముందు బోరు పై అంచున కార్బన్, అరుగుడు గట్టు ఉంటే గీకి తీసేయండి, లేకపోతే రింగులు దానికి తగిలి పిస్టన్ గాడులు చిట్లుతాయి.

సామాను ఏం చెబుతోంది

ఈ దశకు తీరిక కేటాయించండి. సామాను మొత్తం కడిగి, ఏ సిలిండర్‌ది ఆ వరసలో పేర్చి, మంచి వెలుతురులో చూడండి.

ముందు బేరింగులు. డీజిల్లో పేలుడు బరువంతా పైనుంచి పడుతుంది కాబట్టి రాడ్‌లో పై చిప్ప, మెయిన్‌లో కింది చిప్ప ముందు అరుగుతాయి. బాగున్న చిప్ప మసక బూడిద రంగులో, నున్నగా ఉంటుంది. పై పూత పోయి రాగి ఎరుపు బయటపడితే ఆయుష్షు అయిపోయింది. చుట్టూతా సన్నటి గీతలుండి, గోటికి ఇసుక రేణువుల్లా తగులుతుంటే ఆయిల్లో దుమ్ము తిరిగింది. పూత కరిగి ఒక పక్కకు పూసుకుపోయి, చిప్ప వెనక నీలి మచ్చలుంటే ఆయిల్ అందలేదు. ఒక్క చిప్పే ఇలా ఉంటే క్రాంక్‌లోని ఆ దారి మూసుకుపోయింది, అన్నీ ఇలాగే ఉంటే పంపు లేదా జల్లెడ.

తర్వాత పిస్టన్లు. చుట్టూతా నిలువు గీరుళ్లుంటే ఇంజిన్ వేడెక్కి పిస్టన్ ఉబ్బింది, తప్పు కూలింగ్‌ది. పిస్టన్ నెత్తి అంచు తిన్నట్టు కరిగి ఉంటే నాజిల్ కారింది, లేదా స్ప్రే ఒక పక్కకు కొట్టింది. మొదటి రింగు పలుచబడి, దాని గాడి వెడల్పై, బోరు పైభాగం మసకగా సన్నటి నిలువు గీతలతో ఉంటే దుమ్ము తిన్నది. అలాంటప్పుడు ఎయిర్ ఫిల్టర్ నుంచి మానిఫోల్డు దాకా ఉన్న రబ్బరు గొట్టం విప్పి, లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు ఎర్ర మన్ను అంటితే దొంగ దొరికినట్టే. ఫిల్టర్ కొత్తదైనా సరే, క్లిప్పు వదులై, రబ్బరు మడత దగ్గర చీలితే మట్టి రోడ్ల దుమ్మంతా నేరుగా బోరులోకి పోతుంది. మట్టిలోని ఇసుక రేణువు బోరు ఇనుము కంటే గట్టిది.

వరద బండి అయితే, హెడ్డు తీశాక ఒక్కో పిస్టన్ పై కొసకు వచ్చినప్పుడు బ్లాకు ముఖం నుంచి ఎంత ఎత్తుందో డయల్ గేజ్‌తో కొలవండి. ఒకటి మిగతావాటికంటే కిందికి ఉంటే ఆ రాడ్ వంగింది. చాలా సన్నటి వంపు కంటికి కనిపించదు, ఈ కొలతలోనే దొరుకుతుంది.

హెడ్డు ముఖం మీద సరైన ఉక్కు బద్ద పొడవునా, అడ్డంగా, మూలకు మూల పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చండి. 0.05 మి.మీ. దాకా పరవాలేదు, 0.10 దాటితే హెడ్డు వంకర తిరిగింది. కొందరు పాలిష్ చేసిన కడప బండ మీద హెడ్డు ఆడించి చూసి సరిపెడతారు. సామాను పేర్చుకోవడానికి బండ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు చూపేంత సమంగా అది ఉండదు. పగులు ఎక్కువగా రెండు వాల్వుల మధ్య, లేదా చిన్న గది నోటి దగ్గర వస్తుంది. రంగు మందు పరీక్ష చేయించండి, నీళ్ల దారులు మూసి ప్రెషర్ పరీక్ష చేయిస్తే ఇంకా మేలు. కంటి చూపు మీద "పగల్లేదులే" అని వదలొద్దు.

బోరును పైన, మధ్యలో, కింద, క్రాంక్ పొడవు వైపు, దానికి అడ్డంగా కొలవాలి. తేడా 0.15 మి.మీ. దగ్గరికి వస్తే కొత్త రింగులు వేసి లాభం లేదు, బోరింగ్ చేయించాల్సిందే.

లేత్ షాపు దగ్గర

అనంతపురం వాళ్లు బెంగళూరు వైపు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ వైపు చూడడం మామూలే. క్రాంక్ గ్రైండింగ్, హెడ్డు పని బాగా చేసే షాపు మీ ఊళ్లోనే ఉంటే అంత దూరం అక్కర్లేదు. ఎలా గుర్తించాలంటే, కొలత రాసిచ్చే షాపు మంచి షాపు. "అంతా సరిగ్గా చేసినాంలే" అనేది కొలత కాదు.

పిస్టన్లు ముందు కొని, వాటిని షాపులో ఇచ్చి, వాటికి తగ్గట్టు బోరు చేయించండి. ఓవర్‌సైజులు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. చొప్పున వస్తాయి. ఎంత సందు వదలాలో పిస్టన్ పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. అల్లిక గీతల హోనింగ్ లేకుండా అద్దంలా నున్నగా ఇస్తే తీసుకోవద్దు, ఆ గీతల్లోనే ఆయిల్ నిలబడేది. స్లీవులు (బోరులో దించే గొట్టాలు) వేయాల్సి వస్తే మీ ఇంజిన్‌లో అవి నీళ్లకు తగిలే రకమో తగలని రకమో చూసుకోండి. తగిలే రకమైతే బ్లాకు ముఖం మీద ఎంత పైకి ఉండాలన్న కొలత చాలా ముఖ్యం.

క్రాంక్‌ను 0.25 గానీ 0.50 గానీ తగ్గిస్తే దానికి సరిపడే అండర్‌సైజు బేరింగులే కొనాలి. జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) మూలల్లో గుండ్రటి వంపు ఉంటుంది. గ్రైండింగ్‌లో దాన్ని చదరం చేసేస్తే క్రాంక్ అక్కడే విరుగుతుంది. తీసుకునేటప్పుడు ఆ మూలలో వేలు పెట్టి చూడండి. పగులు పరీక్ష గ్రైండింగ్‌కు ముందే చేయించాలి.

హెడ్డు ముఖం చెక్కితే వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి. అందుకే చెక్కాక వాల్వు సీట్లు కోసి, వాల్వు తల ఎంత లోపలికి ఉందో మళ్లీ కొలవాలి. చాలా డీజిల్ ఇంజిన్లకు గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో దొరుకుతుంది, అంచున రంధ్రాలో కోతలో గుర్తుగా ఉంటాయి. పిస్టన్ ఎంత పైకి వస్తోందో దాన్నిబట్టి మందం ఎంచుకోవాలి. షాపులో ఉన్నది తెచ్చి వేస్తే కంప్రెషన్ తగ్గుతుంది, లేదా పిస్టన్ తగులుతుంది.

బిగించడం

లేత్ నుంచి వచ్చిన బ్లాకు శుభ్రంగా కనిపిస్తుంది, కానీ హోనింగ్ రాయి పొడి గీతల్లో దాక్కుని ఉంటుంది. డీజిల్‌తో కడిగితే పోదు. వేడి నీళ్లు, బట్టల సబ్బు, బ్రష్‌తో తోమండి. తెల్లగుడ్డ బోరులో తిప్పితే తెల్లగానే బయటికి రావాలి. వెంటనే గాలి కొట్టి, నూనె రాయండి, లేకపోతే గంటలో తుప్పు పడుతుంది. ఆయిల్ దారుల బిరడాలు విప్పి సన్నటి బ్రష్ దూర్చి కడగాలి. క్రాంక్ లోపలి దారులు కూడా. పాత బేరింగు పొడి అక్కడ మిగిలితే కొత్త బేరింగులకు మొదటి భోజనం అదే. దుమ్ము గాలి వీచే మధ్యాహ్నాల్లో షెడ్డు వాకిట్లో బిగించొద్దు.

బేరింగు సందును, నలిగిన వెడల్పును బట్టి కొలత చెప్పే ప్లాస్టిగేజ్ దారంతో చూడండి. 0.03 నుంచి 0.08 మి.మీ. మధ్య ఉంటుంది. ప్రతి మెయిన్ క్యాపు బిగించాక క్రాంక్ చేత్తో తిరుగుతోందా చూడండి. ఏ క్యాపు దగ్గర బిగుసుకుందో అక్కడే ఆగి తప్పు వెతకాలి. క్రాంక్ ముందుకూ వెనక్కీ ఆడే ఆటను డయల్‌తో కొలిచి థ్రస్ట్ వాషర్లు సరిచూడాలి.

రింగును ఒంటరిగా బోరులోకి దించి, పిస్టన్‌తో నెట్టి సమం చేసి, కొసల మధ్య సందు కొలవండి. 83 మి.మీ. బోరుకు సుమారు 0.25–0.35 మి.మీ. ఉండాలి. సందు లేకపోతే వేడికి కొసలు ఒకదానికొకటి తన్నుకుని రింగు విరుగుతుంది. రింగు మీద అక్షరం ఉన్న పక్క పైకి. మూడు సందులూ ఒకే వరసలో రాకుండా తిప్పి పెట్టాలి.

హెడ్డు బోల్టు రంధ్రాల్లో నూనె గానీ నీళ్లు గానీ నిలబడి ఉంటే, బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాకు పగులుతుంది. గాలి కొట్టి పొడిగా చేయండి. మధ్య నుంచి బయటికి, మాన్యువల్ వరసలో, మూడు దఫాలుగా టార్క్ చేయాలి. సాగే రకం బోల్టులైతే కొత్తవే వేయాలి. టైమింగ్ చైన్ అయితే సాగుడు, బెల్టు అయితే వయసు చూడండి. ఇండికా లాంటి బెల్టు ఇంజిన్‌కు బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే టెన్షనర్‌తో సహా కొత్తది వేయడమే. టైమింగ్ గుర్తులు కలిపాక చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ కలిశాయో లేదో చూసుకోండి.

పంపు, నాజిళ్లు

పంపును మీరు విప్పొద్దు. క్యాలిబ్రేషన్ బెంచి ఉన్న పంపు షాపుకే ఇవ్వండి. నాజిళ్లను కూడా అక్కడే పరీక్షించండి. ఐడీఐ నాజిళ్లు సాధారణంగా 115–135 బార్ మధ్య తెరుచుకుంటాయి. మంచులా చిమ్మాలి, కొసన చుక్క వేలాడకూడదు. చిమ్మే నాజిల్ ముందు చెయ్యి పెట్టకండి. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, అది ఆసుపత్రి పని. నాజిల్ కింది రాగి, ఉక్కు వాషర్లు పాతవి మళ్లీ వేయొద్దు.

వేడి మూలాన్ని వదిలించడం

కొత్త ఇంజిన్‌కు పాత రేడియేటర్ ఉన్నదున్నట్టు బిగిస్తే చేసిన పనంతా వృథా. మన దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు నీళ్లే. అవి కాగినప్పుడల్లా సున్నం రేడియేటర్ గొట్టాల్లో, బ్లాకు నీటి దారుల్లో పొరలుగా పేరుకుంటుంది. ఆ పొర వేడిని ఇనుము నుంచి నీళ్లకు వెళ్లనివ్వదు. ముల్లు మామూలుగానే చూపిస్తుంటుంది, కానీ నాలుగో సిలిండర్ వెనక గోడ ఎర్రగా కాగుతుంటుంది. గువ్వలచెరువు ఘాట్‌లోనో, శ్రీశైలం ఘాట్‌లోనో రెండో గేరులో ఎక్కేటప్పుడు బయట నలభై దాటిన ఎండ తోడైతే ఇక హెడ్డు ఆగదు.

రేడియేటర్ పై ట్యాంకు విప్పించి గొట్టాల్లో కడ్డీ దింపి శుభ్రం చేయించండి. సగం గొట్టాలు మూసుకుపోయి ఉంటే కొత్త కోర్ వేయించండి. బ్లాకు పక్కన నీటి దారులను మూసే బిళ్లలు తీసి, లోపలి మురికిని ఇనుప తీగతో కదిలించి నీటి ధారతో బయటికి తెప్పించాలి. అవి తుప్పు పట్టి ఉంటే కొత్తవి కొట్టాలి. నీటి పంపు రెక్కలు, ఫ్యాన్ బెల్టు, ఫ్యాన్ క్లచ్ సరిచూడండి. రేడియేటర్ మూత తన ప్రెషర్ పట్టకపోతే మార్చండి. ఆ ప్రెషరే నీళ్లను వంద డిగ్రీలు దాటినా మరగనివ్వకుండా ఆపేది.

"మనది వేడి ప్రాంతం, థర్మోస్టాట్ ఎందుకు" అని పీకేయడం షెడ్లలో రివాజు. నేను దీన్ని ఒప్పుకోను. అది లేకపోతే ఇంజిన్ తన వేడికి చేరడానికి ఆలస్యమవుతుంది, బోరు అరుగుతుంది, ఆయిల్లో తేమ చేరుతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే పక్కదారి మూసుకుంటుంది. దాన్ని తీసేస్తే కొన్ని నీళ్లు రేడియేటర్‌కు పోకుండానే తిరిగొచ్చి వేడి ఇంకా పెరుగుతుంది. కొత్తది వేసే ముందు గిన్నెలో నీళ్లు కాచి, అందులో వేసి తెరుచుకుంటోందా చూడండి. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో, డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి పోయండి. డిక్కీలో ఐదు లీటర్ల క్యాన్ ఎప్పుడూ ఉంచుకుంటే దారిలో బోరు నీళ్లు పోయాల్సిన అగత్యం రాదు.

మొదటి స్టార్ట్

సోలినాయిడ్ వైరు తీసి ఉంచి, ఆయిల్ మీటరు ముల్లు లేచేదాకా సెల్ఫ్‌ను పది పదిహేను సెకన్ల చొప్పున, మధ్యలో ఆపుతూ కొట్టండి. తర్వాత వైరు పెట్టి, డీజిల్ ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపుతో బుడగలు ఆగేదాకా కొట్టి బిగించండి. నాజిల్ పైపు నట్లు వదులుగా ఉంచి సెల్ఫ్ కొట్టి డీజిల్ తొంగిచూడగానే బిగించండి. హీటర్ ప్లగ్గులు వేడెక్కే సమయం ఇవ్వండి.

పక్కన ఒక మనిషి, ఎయిర్ ఇన్‌లెట్ నోటిని పూర్తిగా మూసే చెక్క పలక పట్టుకుని నిలబడాలి. డీజిల్ ఇంజిన్ పంపు గవర్నరు చెడినా, ఆయిల్ గాలి దారిలోకి పీల్చుకున్నా అదుపు తప్పి రేజ్ అవుతూనే పోతుంది. తాళం తీసినా ఆగదు. గాలి ఆపడం ఒక్కటే దారి. అరచెయ్యి గానీ గుడ్డ గానీ పెట్టకండి, లోపలికి లాగేస్తుంది.

స్టార్ట్ అయ్యాక ఆయిల్ ప్రెషర్ వెంటనే లేవాలి, లేవకపోతే అప్పుడే ఆపండి. లీకులు చూసి, పంపు టైమింగ్ మాన్యువల్ ప్రకారం సరిచేయండి. గంటల కొద్దీ ఐడ్లింగ్‌లో వదలొద్దు. కొత్త రింగులు బరువు లేకుండా నడిస్తే బోరుకు పట్టవు, అద్దంలా మెరుగు తేలి ఆయిల్ తాగడం మొదలుపెడతాయి. రోడ్డు మీదికి తీసుకెళ్లి, మధ్యస్థ వేగంలో, కాసేపు బరువుతో లాగిస్తూ, కాసేపు వదులుతూ నడపండి. ఘాట్లు, ట్రాలీలు లాగించడం, పూర్తి యాక్సిలరేటర్ మొదటి వెయ్యి కిలోమీటర్లలో వద్దు.

500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. 15డబ్ల్యూ-40 డీజిల్ ఇంజిన్ ఆయిల్ పోయండి. మాన్యువల్ చెబితే హెడ్డు బోల్టులు రెండోసారి టార్క్ చేసి, ట్యాపెట్ సందులు సరిచూడండి. తీసిన ఫిల్టర్‌ను పారేయకుండా రేకు కోసి, కాగితం విప్పి, ఎండలో పరిచి చూడండి. సన్నటి బూడిద పొడి కొద్దిగా ఉండడం సహజం. అయస్కాంతానికి అంటుకునే రజను ఎక్కువగా ఉంటే, లేదా రాగి రంగు మెరుపులు కనిపిస్తే, బండిని అక్కడే ఆపి ఆయిల్ చాంబర్ దింపి ఒక రాడ్ బేరింగు విప్పి చూడాలి.